‘ఓకే’ అంటే కుదరదు.. పైలట్లు మళ్లీ చెప్పాల్సిందే! ఎందుకంటే?

విమాన ప్రమాదం జరిగిన ప్రతిసారీ పైలట్లు, ఏటీసీ మాట్లాడుకున్న ఆడియోలు వైరల్ అవుతుంటాయి. వాటిలో కంట్రోలర్ చెప్పిందే పైలట్ మళ్లీ చెబుతారు. అది కంగారు కాదు, రూల్. పేరు రీడ్‌బ్యాక్. తప్పుగా వింటే కంట్రోలర్ వెంటనే సరిచేస్తారు.

1977 మార్చి 27, స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవి. పొగమంచులో ‘టేకాఫ్‌లో ఉన్నాం’ అని కేఎల్ఎం విమానం నుంచి మెసేజ్. టవర్ ‘ఓకే’ అంది. వెంటనే ‘ఆగండి, మేం పిలుస్తాం’ అని కూడా చెప్పింది. సరిగ్గా అప్పుడే అదే ఫ్రీక్వెన్సీలో పాన్ యామ్ పైలట్ మాట్లాడటంతో అది సరిగా వినపడలేదు. రన్‌వేపై రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు.

అందుకే ఇప్పుడు పర్మిషన్ ఇవ్వడానికి, రద్దు చేయడానికి మాత్రమే ‘టేకాఫ్’ అనాలి. మిగతా టైమ్‌లో ‘డిపార్చర్’ అంటారు.