ఇల్లు చూసి ఇచ్చిన అప్పు

"తీసుకునేటప్పుడు తెల్వదా?"

ఈ మాట అన్నాయన చెడ్డవాడు కాదు. రిటైరైన ఉద్యోగి. వీధిలో ఎవరింట చావైనా పెళ్ళైనా ముందుండే మనిషి. హనుమకొండలో మా వీధి చివరి రేకుల ఇంటి ముందు ఆ సాయంత్రం పది మంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఫైనాన్స్ కుర్రాడు. ఇంటామె గడపలో నిలబడి ఉంది. ఆమె రెండిళ్ళలో వంట చేస్తుంది, మిగిలిన పొద్దు చీరలకు ఫాల్స్ కుడుతుంది. ఇద్దరు పిల్లలు. ఆ నెల గ్రూపు కిస్తీకి మొదటిసారి తొమ్మిది వందలు తక్కువైంది.

"అక్కా, కట్టేదాక ఎవ్వరూ లేవరు," అన్నాడు కుర్రాడు, మామూలు గొంతుతోనే. గొంతు పెంచాల్సిన పని అతనికి లేదు. ఇళ్ళకు పోయి పొయ్యి వెలిగించుకోవాల్సిన ఆ పది మందీ అతని తరఫున విసుక్కుంటున్నారు. "ఎవలనన్న అడిగి తే వదినా, మా పిల్లలు ఎదురుచూస్తున్నరు" అని ఒకామె, "నీ ఒక్కదాని వల్ల మా అందరికీ లోన్ ఆగుతది" అని ఇంకొకామె. తలుపు సందులోంచి చిన్నవాడు చూస్తున్నాడు. చివరికి కిరాణా కొట్టాయన దగ్గర చేబదులు తెచ్చి కట్టింది. ఏడున్నరకు అందరూ లేచారు. మా పెద్దాయన ఆ మాట అన్నది అప్పుడే, గేటు వేసుకుంటూ.

ఈ మాట ఆయన ఒక్కడిదే అయితే వ్యాసం రాయాల్సినంత విషయం కాదు. ఆఫీసుల్లో, బస్సుల్లో, పెళ్ళి భోజనాల దగ్గర మర్యాదస్తులంతా అనే మాట ఇది. అప్పు చేసినవాడు చేసుకున్నాడు, అనుభవించాలి. మన భాషే ఆ తీర్పు ఇచ్చేసింది. అప్పు చేసి పప్పుకూడు అన్నాం. ఆ సామెత పుట్టిన కాలంలో పప్పన్నం పండగ తిండి కాబట్టి, అప్పు చేసినవాడంటే జల్సారాయుడని అర్థం. ఈమె అప్పుల్లో జల్సా ఎక్కడుందో నేనూ వెతికాను. మొదటిది భర్త ఆటోకి. రెండోది కూతురికి డెంగీ వచ్చి ఆసుపత్రిలో పెట్టినప్పుడు. మూడోది ఫోన్లో యాప్ నుంచి, ఆ రెండింటి కిస్తీలు కట్టడానికి. ఏడాదిన్నర కింద భర్త వెళ్ళిపోయాడు, ఆటోతో సహా. లోన్ కార్డు మీద పేరు మాత్రం ఆమెది.

ఆటో నడిపేది ఆయనైతే పేరు ఆమెదెందుకు? గ్రూపు లోన్లు ఆడవాళ్ళకే ఇస్తారు కాబట్టి. "ఆడవాళ్ళకిస్తే అప్పు మునగదు" అని ఈ వ్యాపారంలో అందరూ చెప్పుకుంటారు, మనమూ అది స్త్రీజాతికి దక్కిన కితాబు అనుకుని మురిసిపోతాం. ఆడది ఇల్లు విడిచి పోదు. పిల్లల బడి ఎక్కడో అక్కడే దొరుకుతుంది. పది మందిలో మాట పడటం కన్నా పస్తు మేలనుకుంటుంది. తాకట్టు లేని రుణమని పేరేగానీ తాకట్టు ఉంది. దాని పేరు పరువు. మగవాడు ఆటో వేసుకుని వెళ్ళిపోగలిగాడు, పరువును ఆమె దగ్గరే వదిలేసి.

ఇక లెక్కలోకి వద్దాం, ఎందుకంటే "తెల్వదా" అనేవాళ్ళు లెక్క తమ వైపుందనుకుంటారు. సూక్ష్మరుణాలకు రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో నిబంధనలు ఇచ్చింది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేదే సూక్ష్మరుణం. కుటుంబమంటే భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు. అన్ని అప్పుల కిస్తీలూ కలిపి ఆ కుటుంబం నెలసరి ఆదాయంలో సగం దాటకూడదు. ఈమె ఇంటి ఆదాయం 24 వేలని రాసుకున్నారు. అందులో 13 వేలు ఆటోవి. ఇప్పుడు మిగిలింది 11 వేలు. సగమంటే 5,500. మూడు అప్పుల కిస్తీలూ కలిపి నెలకు 7,250. ఈ ఆదాయం చూపించి ఇవాళ కొత్తగా అప్పడిగితే ఆ సంస్థే నిబంధన చూపించి పొమ్మనాలి. ఇవ్వడానికి చాలని ఆదాయం వసూలుకు మాత్రం చాలుతోంది.

ఇల్లు చూసి అప్పిచ్చారు. ఇల్లు సగమైంది. కిస్తీ సగం కాలేదు. "తీసుకునేటప్పుడు తెల్వదా" అన్న ప్రశ్నకు నా జవాబు ఇంతే: తెలుసు, తీసుకునేటప్పుడు ఇద్దరున్నారు.

ఆ నిబంధనల్లోనే మరికొన్ని మాటలున్నాయి. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్లు చేయకూడదు. వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోటే జరగాలి. వరుసగా రెండుసార్లో అంతకు మించో అక్కడికి రాకపోతేనే ఇంటికో, పనిచేసే చోటికో వెళ్ళాలి. బెదిరించకూడదు, తిట్టకూడదు, బంధువులనూ స్నేహితులనూ తోటి పనివాళ్ళనూ వేధించకూడదు, బాకీదారుల పేర్లు బయట పెట్టకూడదు. కట్టలేక ఇబ్బంది పడుతున్నవాళ్ళను గుర్తించి, మాట్లాడి, వాళ్ళకున్న దారులేమిటో చెప్పే ఏర్పాటు ప్రతి సంస్థలోనూ ఉండాలి. మా వీధిలో ఆ ఏర్పాటు ప్లాస్టిక్ కుర్చీ రూపంలో, ఏడున్నర దాకా కనబడింది.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. తర్వాతొక రోజు టీ కొట్టు దగ్గర కలిశాడు. డిగ్రీ చదివాడు, ఇది మూడో ఉద్యోగం. వసూలు పూర్తి కాని రోజు మేనేజరు ఆఫీసులో అతన్నీ అలాగే కూర్చోబెడతాడట.

చట్టం ఇంకా పాతది, ఇంకా దయగలది. ఈ విషయం చెబితే మా పెద్దాయన నమ్మలేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ తీయండి. డబ్బు డిక్రీ అమలు కోసం స్త్రీని అరెస్టు చేయడానికి గానీ జైల్లో పెట్టడానికి గానీ వీల్లేదని 56వ సెక్షన్. కోర్టు డిక్రీ తెచ్చుకున్నా జప్తు చేయకూడనివి ఏమిటో 60వ సెక్షన్ చెబుతుంది: ఒంటికి అవసరమైన బట్టలు, వంటపాత్రలు, మంచం, పరుపు, మతాచారం ప్రకారం స్త్రీ విడవకూడని నగలు, చేతివృత్తివారి పనిముట్లు, కూలీల వేతనం, ఇళ్ళలో పనిచేసేవారి జీతం. జడ్జి ముట్టుకోలేని వంటమనిషి జీతాన్ని బ్యాగు వేసుకున్న కుర్రాడు సాయంత్రం వచ్చి ముట్టుకుంటున్నాడు. చెక్కు బౌన్స్ అయినా, ఖాతా నుంచి కోసుకోమని ఇచ్చిన ఆదేశం తిరిగొచ్చినా వేరే చట్టాలున్నాయి, మోసం సంగతి వేరు. చేతిలో లేక కట్టలేకపోవడం నేరమని మాత్రం ఏ చట్టమూ అనలేదు.

"ఇట్లా మాట్లాడితే ఎవ్వరూ అప్పు కట్టరు" అన్నాడు పెద్దాయన. 2024లో తెలంగాణ ప్రభుత్వం 2 లక్షల దాకా పంటరుణాలు మాఫీ చేసినప్పుడు ఊళ్ళో ఆయన తమ్ముడిది కూడా మాఫీ అయింది. అది తప్పని నేననను, ఆనాడు ఆయనా అనలేదు. కంపెనీలు దివాలా తీస్తే 2016 నాటి దివాలా స్మృతి కింద అప్పిచ్చినవాళ్ళకు తిరిగొస్తున్నది అడిగినదాంట్లో సుమారు మూడో వంతు. వదులుకున్న మిగతా భాగాన్ని హెయిర్‌కట్ అంటారు. మంగలి షాపు మాట ఎంత మర్యాదైపోయిందో! అదే స్మృతిలో పేదవాళ్ళకూ ఒక అధ్యాయం రాశారు. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తులు 20 వేలు, అప్పు 35 వేలు దాటకుండా, సొంత ఇల్లు లేకుండా ఉన్నవాళ్ళు అప్పు రద్దు చేయించుకుని మళ్ళీ మొదలుపెట్టుకునే వీలు. పార్లమెంటు ఆమోదించిన ఆ అధ్యాయాన్ని అమల్లోకి మాత్రం తేలేదు. కంపెనీలకు తెరిచిన తలుపు పక్కనే దానికి తాళం.

అయినా పెద్దాయన మాటలో పస లేదనను. 2010 అక్టోబరులో, ఆత్మహత్యల వార్తల మధ్య, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. వారం వారం వసూలు పోయి నెలకోసారి అయింది, ఇంటి గడప నుంచి పంచాయతీ ఆఫీసుకు మారింది. వసూళ్ళు కుప్పకూలాయి. సంస్థలు అప్పులివ్వడం మానేశాయి. డబ్బు అవసరమైనవాళ్ళు మళ్ళీ నూటికి మూడు, ఐదు వడ్డీలకు పోవాల్సి వచ్చింది. ఇదంతా నిజం. దీన్ని చూపించి "చూశారా, భయం లేకపోతే ఇంతే" అంటారు. నాకు ఇందులో ఇంకొకటి కనిపిస్తుంది. కూర్చునే చోటు మారితేనే కూలిపోయిన వ్యాపారం, ఇచ్చేటప్పుడు ఆదాయాన్ని ఎంత చూసి ఇచ్చినట్టు? 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు అదుపులో ఉన్న ఫైనాన్స్ కంపెనీలకు, ఆ ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన రాష్ట్ర చట్టం వర్తించదని చెప్పింది. అంటే ఇప్పుడు ఆమెకు మిగిలిన కంచె పైన చెప్పిన నిబంధనలే. వాటిని ఆమెకు చదివి వినిపించినవాళ్ళు లేరు.

భయం ఎక్కడిదాకా తీసుకుపోతుందో తెలుగునాట చెప్పనక్కర్లేదు. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్ మనీ వడ్డీ వ్యాపారుల వ్యవహారంలో బాకీపడ్డ ఆడవాళ్ళను ఏం చేశారో చదివాం. 2020 చివర్లో హైదరాబాదు చుట్టుపక్కల లోన్ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్ళ గురించీ చదివాం. ఫోన్లోని నంబర్ల జాబితా, ఫొటోలు రుణ యాప్‌లు ముట్టుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో చెప్పింది, అయినా ఆమె ఇద్దరు యజమానురాళ్ళకూ యాప్ వాళ్ళ ఫోన్లు వచ్చాయి. ఒకరు పని మాన్పించబోయారు. అలా మాన్పిస్తే కిస్తీ ఎక్కడి నుంచి కడుతుందని ఫోన్ చేసినవాడూ ఆలోచించలేదు, ఎత్తినావిడా ఆలోచించలేదు.

అప్పు ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. ఆమే ఒప్పుకోదు. "అసలు కడత సార్, జర టైం ఇయ్యమనండి" అనేదే ఆమె అడిగేది. బియ్యం, అద్దె, పిల్లల ఫీజు అయ్యాక మిగిలినంత, రశీదు తీసుకుని కట్టడం ఎగవేత కాదు. ఆదాయం ఇంతకు పడిపోయిందని, కిస్తీ తగ్గించి గడువు పెంచమని కాగితం మీద రాసి సంస్థకు ఇవ్వాలి, నకలు దగ్గర పెట్టుకోవాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, రుసుము లేదు, వివరాలకు 14448. యాప్ వాళ్ళు ఫొటోలతో బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930. ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 నాటి చట్టమే ఇచ్చింది, నంబరు 15100. భర్త చనిపోయి ఒంటరైనవాళ్ళు లోన్ కార్డు మళ్ళీ ఒకసారి చూసుకోవాలి. చాలా గ్రూపు లోన్లలో మొదటిరోజే ఇన్సూరెన్స్ పేరుతో కొంత కోస్తారు, అందులో భర్త కూడా ఉంటే ఆ అప్పు కట్టాల్సింది ఆమె కాకపోవచ్చు. ఏ చెల్లెలైనా ఆ మాట అడగకుండానే ఏళ్ళ తరబడి కడుతూ ఉండొచ్చు.

మొన్న ఆమె కాగితం నేనే రాసిపెట్టాను. 24 వేలు, 11 వేలు, 7,250. సంతకం చేసి, కింద తేదీ వేసి ఇచ్చింది. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా మరో కిస్తీ తేదీ వస్తుంది. గ్రూపులో ఉన్న అక్కలకు, పక్కింట్లో ఉన్న పెద్దాయనకు, ఇది చదువుతున్న మీకు ఒకటే విన్నపం. మీ వీధిలో ఏ గడప ముందైనా సాయంత్రం ఆరు దాటాక ఆ కుర్చీ కనబడితే, లోపలికి పోయి గేటు వేసుకోకండి. దగ్గరికి వెళ్ళి గుర్తింపు కార్డు అడగండి, టైమెంతైందో చెప్పండి.