రెండో అకౌంట్

2014 డిసెంబర్. నేను ఇంజినీరింగ్ ఫస్టియర్. బెంగళూరులో జాబ్ చేసుకుంటున్న ఓ ఇంజినీర్‌ని అరెస్ట్ చేశారని టీవీలో వచ్చింది. ఐసిస్‌ని పొగిడే 'షామీ విట్‌నెస్' అనే ట్విట్టర్ అకౌంట్ నడిపేది అతనేనని బ్రిటన్‌లోని ఛానల్ 4 న్యూస్ అప్పుడే బయటపెట్టింది. ఫాలోవర్లు 17 వేల పైమాటే. అతని ఫేస్‌బుక్‌లో మాత్రం ఫ్రెండ్స్‌తో పిజ్జాలు, సూపర్‌హీరో సినిమాల కబుర్లు, జోకులు. అచ్చం మనలాగే.

మర్నాడు హాస్టల్లో ఒకడు నా రూమ్మేట్‌ని ఆపి, "ఏరా, నీ రెండో అకౌంట్ పేరేంటి?" అన్నాడు. నా రూమ్మేట్ ముస్లిం. వాడు నవ్వేశాడు. నేనూ నవ్వాను.

ఆ ఇంజినీర్ సిరియా వెళ్లలేదు, తుపాకీ పట్టలేదు. మరి దేనికంత కష్టం? జవాబు ఆ భావజాలంలోనే ఉంది. యుద్ధంలో సగానికి పైగా మీడియాలోనే జరుగుతోందని అల్ ఖైదా నేత జవాహిరి 2005లోనే జర్కావీకి ఉత్తరం రాశాడు. ఐసిస్ ఆ మాటని ఫోన్ దాకా దించింది. ప్రచారం చేసేవాడూ ముజాహిదేనంది. అది నమ్మినవాడికి రీట్వీట్ టైమ్‌పాస్ కాదు, డ్యూటీ. అకౌంట్ పోతే యుద్ధంలో తగిలిన గాయం. ఎన్నిసార్లు సస్పెండ్ అయితే అంత గొప్ప!

2015 మధ్య నుంచి 1,25,000 అకౌంట్లు తీసేశామని 2016 ఫిబ్రవరిలో ట్విట్టర్ చెప్పింది. పని జరగలేదనను. కానీ చాలామంది టెలిగ్రామ్‌కి మారిపోయారు. కోడ్ రాసేవాణ్ణి కదా, డిలీట్ కొడితే అయిపోతుందని నాకూ అనిపిస్తుంటుంది.

నన్ను కలవరపెట్టింది వేరే. 2015 ఫిబ్రవరిలో ఐసిస్ తన ఇంగ్లీష్ ఆన్‌లైన్ పత్రిక 'దాబిక్'లో 'గ్రే జోన్' గురించి రాసింది. అంటే ముస్లింలు మిగతావాళ్లతో కలిసి మామూలుగా బతికే చోటు. అది లేకుండా చేయాలట. తమ దారికి రాని ముస్లింలని మతం తప్పినవాళ్లని ముద్ర వేసి చంపిన గుంపు అది. పక్కవాళ్లు అనుమానిస్తే, ఆ ఒంటరి కుర్రాడు తమ వైపే వస్తాడని లెక్క.

అది చదువుతుంటే మా హాస్టల్ వరండా గుర్తొచ్చింది. పోయిన వారం వాడికి ఫోన్ చేశా. "ఏ జోక్ రా?" అన్నాడు. కాసేపు ఆగి, "ఆ రాత్రే ట్విట్టర్ తీసేశాలే" అన్నాడు.