టబ్బులో తాబేలు

మా వీధిలో ఒక అంకుల్ వాళ్ళింట్లో మెట్ల కింద నీలం ప్లాస్టిక్ టబ్బు ఉంటుంది. అందులో అరచెయ్యంత తాబేలు. డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా ఉంటాయి. "ఇది ఇంటికొచ్చాకే వ్యాపారం పుంజుకుంది రా" అంటారు అంకుల్. ఆంటీ దానికి రోజూ పెరుగన్నం పెడతారు. మొదటిసారి చూసినప్పుడు నాకూ ఒకటి కావాలనిపించింది, అబద్ధమెందుకు చెప్పాలి.

అది నక్షత్ర తాబేలు. నీళ్ళలో ఉండే రకం కాదు. రాయలసీమలో, కోలారు వైపు మెట్టభూముల్లో, ముళ్ళపొదల కింద గడ్డీ ఆకులూ తిని బతికేది. పెరుగన్నం దాని తిండి కాదు, మెట్ల కింద చీకటి దాని ఇల్లూ కాదు. ఎండ తగలకపోతే డిప్ప మెత్తబడిపోతుంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టడం, అమ్మడం, కొనడం అన్నీ నేరాలే. 2022లో చట్టాన్ని సవరించినప్పుడు పులి ఉన్న మొదటి షెడ్యూలులోకే దీన్నీ చేర్చారు. శిక్ష మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. 2019లో జెనీవా సమావేశంలో ప్రపంచ దేశాలు కూడా దీని వ్యాపారాన్ని నిషేధించాయి.

అయితే ఏమైంది? 2015లో వచ్చిన ఒక పరిశోధన లెక్క ప్రకారం మన దేశంలో ఒక్క వ్యాపార కేంద్రానికే ఏడాదికి కనీసం 55,000 తాబేళ్ళను అడవుల్లోంచి పట్టుకొచ్చారు. ఒక్క చోటికే! కాళ్ళు లోపలికి నొక్కి, టేపు చుట్టి, సూట్‌కేసులో బట్టల మధ్య కుక్కి విమానం ఎక్కిస్తారు. మన కెంపేగౌడ విమానాశ్రయంలో ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. సింగపూర్‌లో దొరికిన 51 తాబేళ్ళు 2018 నవంబరులో తిరిగి మన బెంగళూరుకే వచ్చాయి.

పేపర్లో ఇలాంటి వార్త చదివి "దొంగలు దొరికార్లే" అనుకుంటాం. నాకు కోపం వచ్చేది ఇక్కడే. దొరికేది సంచి మోసినవాడు, లేదా నాలుగు డబ్బులకి పొదల్లో ఏరిన పేదవాడు. కొన్నవాళ్ళు మాత్రం పెద్దమనుషులు! తిలా పాపం తలా పిడికెడు అంటారు కానీ, ఇక్కడ పెద్ద పిడికిలి కొన్నవాళ్ళదే.

"ఒక్కటే కదా, పిల్లలా చూసుకుంటున్నాం" అంటారు. ఆ 55,000లో ప్రతిదీ ఎవరికో ఒకరికి "ఒక్కటే". ఇంకొందరు కూర్మావతారం అంటారు. శ్రీకూర్మం వెళ్ళి దండం పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? దేవుణ్ణి టేపు చుట్టి తెచ్చినవాడి దగ్గర బేరమాడి కొంటామా? పైగా అదృష్టం ఎవరికి? తన పొదనీ ఎండనీ పోగొట్టుకున్న దానికా?

ఇది చదివి భయపడి ఎవరూ చెరువులో వదలొద్దు. దానికి ఈత రాదు, మునిగి చస్తుంది. అటవీ శాఖ నంబరు 1926కి ఫోన్ చేస్తే చాలు. బన్నేరుఘట్టలో వన్యప్రాణుల్ని కాపాడే కేంద్రం ఉంది.

ఆ నంబరు కాగితం మీద రాసి అంకుల్‌కి ఇచ్చాను. ఆయన నవ్వి జేబులో పెట్టుకున్నారు. పది రోజులైంది, టబ్బు అక్కడే ఉంది. పరీక్షలయ్యే లోపు ఆయన చెయ్యకపోతే నేనే చేస్తానని ఇంట్లో చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. నాన్న మాత్రం "పక్కింటివాళ్ళతో మనకెందుకు రా" అంటున్నారు.