తోట ఉంది... మండీ ఏదీ?

విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్ దాటి ముందుకు పోతే బాటసింగారం వస్తుంది. కొత్తపేటలో ఏళ్ల తరబడి నడిచిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో ఇక్కడికి తరలివచ్చింది. మామిడి కాలంలో మార్కెట్టంటే లారీల బారులు, హమాలీల కేకలు, కమీషన్ ఏజెంట్ల ముందు వేలంపాటలు. మొక్క నాటి, నీళ్లు పెట్టి, చీడా పీడా నుంచి కాపాడిన రైతుకు ఒక సంగతి బాగా తెలుసు. కాయ కాయించడం సగం పనే. మిగతా సగం మండీ చేతిలో ఉంటుంది.

బాటసింగారానికి కొద్ది దూరంలోనే, అనాజ్‌పూర్ దగ్గర, 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియోగా గిన్నిస్ బుక్కుకెక్కింది. స్క్రిప్టుతో లోపలికి వెళ్లి సినిమాతో బయటికి రావచ్చంటారు. సినిమాకు కావలసిన సరుకంతా ఒకేచోట దొరికే అంగడి అది.

పండ్ల మార్కెట్టు ఒకపక్క, సినిమా అంగడి ఇంకోపక్క. ఈ రెంటినీ కలిపి ఆలోచిస్తే గుర్తుకొచ్చే పేరు బి. నర్సింగరావు. సొంతంగా సినిమా తోట వేసిన మనిషి. పంట పండింది, బహుమతులూ వచ్చాయి. మండీ మాత్రం దొరకలేదు.

నర్సింగరావు 1946లో గజ్వేల్ దగ్గర ప్రజ్ఞాపూర్‌లో పుట్టారు. అప్పుడది మెదక్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట. హైదరాబాద్‌లో బొమ్మలు వేయడం నేర్చుకున్నారు. 1970ల మొదట్లో ఆర్ట్ లవర్స్ అనే బృందాన్ని నడిపారు. తర్వాత గద్దర్‌గా లోకమంతా ఎరిగిన గాయకుడికి మొదట్లో దారి చూపింది ఆ బృందమే. బొమ్మ, పాట, నాటకం... అన్నీ అయ్యాక సినిమా. అంతేగానీ, సినిమా వాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగి దర్శకుడైన మనిషి కాదాయన.

1979 నాటి 'మాభూమి'కి ఆయన నిర్మాతల్లో ఒకరు. కృషన్ చందర్ ఉర్దూలో రాసిన నవల ఆధారంగా తెలంగాణ సాయుధ పోరాటాన్ని తెరకెక్కించారు. దర్శకత్వం కలకత్తా నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్‌ది. ఆయనకు అదే తొలి కథాచిత్రం. హీరో సాయిచంద్‌కూ అదే మొదలు. యాదగిరి రాసిన పాట పాడుతూ గద్దర్ తెరమీద కనబడతాడు. అప్పటిదాకా మన సినిమాల్లో తెలంగాణ యాస వినబడాలంటే రౌడీ అయినా ఉండాలి, నవ్వించే నౌకరైనా ఉండాలి. ఈ సినిమాలో ఆ మాట మాట్లాడింది కథానాయకుడు. అదీ పెద్ద మార్పు.

సరిగ్గా అంతకు ఏడాది ముందు ఇటలీలో ఇలాంటిదే జరిగింది. అక్కడ ఎర్మన్నో ఓల్మి అనే దర్శకుడున్నాడు. 1931లో బెర్గామోలో పుట్టాడు. కరెంటు కంపెనీలో ఉద్యోగం చేస్తూ, కంపెనీ పనుల మీద చిన్నచిన్న డాక్యుమెంటరీలు తీస్తూ సినిమా నేర్చుకున్నాడు. 1978లో ఆయన తీసిన సినిమా పేరును తెలుగులో 'చెక్కచెప్పుల చెట్టు' అనుకోవచ్చు. ఒకే పెద్ద ఇంట్లో నాలుగు రైతు కుటుంబాలు ఉంటాయి. ఇల్లు దొరది, నేల దొరది, పంటలో మూడింట రెండొంతులు దొరకే. ఒక పిల్లాడు చాలా దూరం నడిచి బడికి పోతుంటాడు. వాడి చెక్కచెప్పు విరుగుతుంది. తండ్రి ఎవరూ చూడకుండా దొర చెట్టు కొట్టి కొత్త చెప్పు చెక్కుతాడు. సంగతి బయటపడుతుంది. కుటుంబాన్ని మూటాముల్లెతో వెళ్లగొడతారు. కథ అంతే!

అందులో నటించింది ఆ ప్రాంతపు రైతులే. మాట్లాడింది పుస్తకాల్లోని ఇటాలియన్ కాదు, బెర్గామో పల్లె మాట. రాసుకోవడం, కెమెరా పట్టడం, ఎడిటింగు అన్నీ ఓల్మియే చేసుకున్నాడు. కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి ఆ సినిమాకే దక్కింది. మెదక్ పల్లెకూ బెర్గామో పల్లెకూ మధ్య సముద్రాలున్నాయి గానీ దొర మాత్రం ఒక్కడే అనిపిస్తుంది.

ఇద్దరి దారులూ ఇక్కడే వేరవుతాయి. ఓల్మి సినిమాకు పెట్టుబడి పెట్టింది ఇటలీ ప్రభుత్వ టెలివిజన్ 'రాయ్'. అంటే తోట వేసుకోమని పొలం ఇచ్చిన చేతులే పండు అమ్మే చోటూ చూపించాయి. మన నర్సింగరావుకు ఆ భరోసా ఎక్కడిది?

అయినా ఆగలేదు. 1983లో 'రంగుల కల' తీశారు. తన బొమ్మలు ఎవరికోసం అన్న ప్రశ్నతో నలిగిపోయే చిత్రకారుడి కథ. ఆ పాత్రను తానే వేశారు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. తర్వాత 1988లో 'దాసి'. పెళ్లికూతురి వెంట అత్తవారింటికి ఆడపిల్లలను కూడా సామానులా పంపే ఆచారం నిజాం కాలపు దొరల ఇళ్లలో ఉండేది. వాళ్లను ఆడబాపలనేవారు. అలాంటి ఒక కమలాక్షి కథ ఇది. గడీలో ఆమె పగలు పని మనిషి, రాత్రి దొర సొత్తు. కడుపు పండితే దాన్ని ఉంచుకునే హక్కు కూడా ఆమెకు లేదు. సినిమాలో పెద్దపెద్ద డైలాగులుండవు. ఆమె నడక, ఆమె చూపు, ఆ గోడల మధ్య నిశ్శబ్దం... అవే మాట్లాడతాయి.

దానికి 5 జాతీయ అవార్డులు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం కాక, నటి అర్చనకు, ఛాయాగ్రాహకుడు ఎ.కె. బీర్‌కు, కళా దర్శకత్వం చేసిన చిత్రకారుడు తోట వైకుంఠానికి, దుస్తుల రూపకల్పనకు. తెలుగు సినిమాకు అదేమీ చిన్న గౌరవం కాదు.

1990లో 'మట్టిమనుషులు' వచ్చింది. పల్లెలో బతుకు లేక పట్నంలో కట్టడాల కూలీకి వచ్చినవాళ్ల కథ. దీనికీ ఉత్తమ తెలుగు చిత్రం అవార్డు దక్కింది. ఇది చూడటానికి ఎల్బీనగర్ వాసులకు సినిమా కూడా అక్కర్లేదేమో! తెల్లారేసరికి అడ్డా మీద సద్దిమూటతో నిలబడే నల్గొండ, పాలమూరు మనుషులను రోజూ చూస్తూనే ఉన్నాం. మన అపార్టుమెంట్ల గోడలెత్తింది వాళ్ల చేతులే. రోజూ చూసే మనిషిని నిజంగా చూడటం మాత్రం మనకు ఎవరో నేర్పాలి. ఆ పని ఈ సినిమా చేస్తుంది.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. 1990 తర్వాత ఆయన తదుపరి కథాచిత్రం 'హరివిల్లు'. అది వచ్చింది 2003లో. మధ్యలో 13 ఏళ్లు! జాతీయ అవార్డులు అన్నేసి అందుకున్న దర్శకుడికి, చేతిలో పనితనం పండిన వయసులో, 13 ఏళ్ల విరామం. చేతగాక కాదు, చెప్పడానికి కథలు లేకా కాదు. హీరో లేని సినిమాకు పంపిణీదారుడు దొరకడు. పంపిణీదారుడు లేనిదే హాలు దొరకదు. హాలు దొరకని సినిమాకు పెట్టిన రూపాయి తిరిగి రాదు. రూపాయి తిరిగి రానప్పుడు తర్వాతి సినిమా ఎలా మొదలవుతుంది? చెట్టుమీద కాయ మాగి రాలిపోవడమంటే ఇదే.

"జనం చూడరండీ, అందుకే ఆడవు" అని మీరనవచ్చు. చాలామంది అదే అంటారు. కానీ 'మాభూమి'ని చూసింది జనమే కదా! దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం అవార్డు సినిమాలు వేసేవారు. అన్నం తిని, చాప మీద కూర్చుని, అర్థమైనా కాకపోయినా ఇంటిల్లిపాదీ చూసినవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. అంతెందుకు, 2023లో 'బలగం' వచ్చినప్పుడు ఏమైంది? తెలంగాణ పల్లెల్లో నడివీధిలో తెరకట్టి ఊరంతా కలిసి చూశారు, కలిసి ఏడ్చారు. తమ మాట, తమ చావు పుట్టుకలు తెరమీద కనబడితే జనం కదిలి వస్తారని ఊళ్లకు ఊళ్లే రుజువు చేశాయి. 'మాభూమి' వేసిన విత్తనమే 44 ఏళ్లకు అలా కాసిందనుకున్నా తప్పులేదు. కాబట్టి లోటు ఆకలిలో లేదు. వడ్డనలో ఉంది.

ఓల్మి ఇంకో మంచి పని చేశాడు. 1980లలో కుర్ర దర్శకుల కోసం ఒక సినిమా బడి పెట్టాడు. ఆయన 2018లో కన్నుమూశాడు. తాను నేర్చుకున్నది తనతోనే పోకుండా చూసుకున్నాడన్న మాట. మన దగ్గర ఆ పని ఎవరు చేయాలి? గడీలు కూలిపోతున్నాయి. వాటిలో చాకిరీ చేసిన తరం దాదాపు వెళ్లిపోయింది. ఆ బతుకు ఎలా ఉండేదని రేపు మన మనవరాలు అడిగితే చెప్పడానికి మిగిలే సాక్ష్యాల్లో 'దాసి' ఒకటి. సాక్ష్యాన్ని అవార్డుల జాబితాలో పెట్టి తాళం వేస్తే సరిపోతుందా?

దీనికి కోట్లు ఖర్చు కావు. ఈ సినిమాల మంచి ప్రతులను భద్రపరిచి, హక్కులున్నవాళ్లకు న్యాయంగా డబ్బు ముట్టజెప్పి, జిల్లా గ్రంథాలయాల్లో, జూనియర్ కాలేజీల్లో, పంచాయతీ ఆఫీసుల ముందు ఏడాదికి నాలుగుసార్లు వేస్తే చాలు. ఒక తెల్ల తెర, ఒక ప్రొజెక్టరు, చీకటిపడ్డాక రెండు గంటలు. వినాయక చవితి మండపానికి చందాలు పోగుచేసే కుర్రాళ్లకు ఇదొక లెక్కా?

ఏడాదికోసారి పండే మామిడిపండు నాలుగు రోజులు ఆగితే కుళ్లిపోతుందని కొత్తపేట నుంచి బాటసింగారం దాకా మార్కెట్టు కోసం ఇంత హైరానా పడ్డాం. ఒక మనిషి జీవితమంతా పెట్టి పండించిన అరడజను సినిమాలకు ఒక చోటు చూపించలేమా? అవార్డంటే వేలంలో పలికిన ధర మాత్రమే. పండు రుచి తిన్నవాడికే తెలుస్తుంది.