తాళం వేసినవారే జవాబుదారు

1977 మే 5 అర్ధరాత్రి దాటాక కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులోకి దుండగులు చొరబడి ఓ గదిలోకి బాంబులు విసిరారు. విచారణ ఖైదీ ఒకరు చనిపోయారు. ఆయన కొడుకు, తర్వాతి కాలంలో ఎమ్మెల్యే అయిన చల్లా రామకృష్ణారెడ్డి, గాయాలతో బయటపడ్డారు. ప్రాణభయం ఉందని వాళ్లు ముందే మొరపెట్టుకున్నారు. కాపలా మాత్రం పెరగలేదు.

పరిహారం కోసం దావా వేస్తే సర్కారు ఏమందో చూడండి. గడువు మీరింది, దావా చెల్లదంది. జైలు నడపడం సార్వభౌమాధికారంలో భాగం, కాపలాదారుల నిర్లక్ష్యానికి ఖజానా పూచీ పడదంది. కింది కోర్టు దావా కొట్టేసింది. హైకోర్టు 1,44,000 రూపాయలకు డిక్రీ ఇచ్చింది. ఆ సొమ్ము కట్టి తల దించుకోవలసిన ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది! 2000 ఏప్రిల్‌లో అక్కడా ఓడింది. ఖైదీ అయినంత మాత్రాన జీవించే హక్కు పోదని, ఆ హక్కును కాలరాస్తే సార్వభౌమత్వం సాకు కాదని తీర్పు. పలుకుబడి ఉన్న కుటుంబానికే 23 ఏళ్లు పట్టింది. జామీను ఇచ్చే మనిషి దొరక్క లోపల మగ్గే కూలీ మాటేమిటి? దేశంలోని ఖైదీల్లో నూటికి డెబ్బైమందికి పైగా ఇంకా నేరం రుజువు కానివారే.

ప్రభుత్వ తప్పిదాలకు పరిహార చట్టం కావాలని లా కమిషన్ 1956లో తన మొట్టమొదటి నివేదికలోనే చెప్పింది. 1965లో, 1967లో బిల్లులు వచ్చి మురిగిపోయాయి. జైళ్లలో అసహజ మరణాలకు పరిహారం ఇప్పించే పనిని 2017లో సుప్రీంకోర్టు హైకోర్టులకు అప్పగించింది. మంచిదే, కానీ హక్కుగా రావలసింది ఇంకా కోర్టు చొరవ మీదే ఆధారపడి ఉంది.

జైళ్లు రాష్ట్రాల జాబితాలోవి. పరిహార దావాలకు దారితీసే తప్పిదాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఢిల్లీ వైపు వేలు చూపి తప్పించుకోలేవు. నిర్బంధంలో మనిషి చనిపోయినా, గాయపడినా, తమ నిర్లక్ష్యం లేదని నిరూపించుకునే భారం జైళ్ల శాఖ మీదే మోపుతూ రెండు శాసనసభలూ చట్టం చేయాలి. మధ్యంతర పరిహారానికి అందులోనే గడువు పెట్టాలి.

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. కోర్టుల్లో నడుస్తున్న జైలు మరణాల కేసుల్లో 'గడువు మీరింది', 'సార్వభౌమ విధి' అనే వాదాలు ప్రభుత్వ న్యాయవాదులు ఎత్తకూడదని ఒక్క జీవో చాలు. అది ఈ నెలలోనే రావాలి.