చేయూత అంటే చదువే

పేద మహిళకు సాయమనగానే మనకు చీరల పంపిణీ, కుట్టుమిషన్ల వితరణ, ఫొటోలు గుర్తొస్తాయి. ఆ సాయం ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఎవరూ అడగరు. ఆంధ్ర మహిళా సభ ఎదిగిన తీరు ఈ ప్రశ్నకు జవాబు చెబుతుంది.

రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి బాల్యవివాహాన్ని కాదని నిలిచారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. 1937లో మద్రాసులో ఈ సభకు పునాది వేశారు. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేయడం తొలి పనుల్లో ఒకటి. వితంతువులకూ భర్త వదిలేసినవారికీ ఆ సర్టిఫికెట్టే ఉద్యోగానికి తలుపు. ఆ తర్వాత చేతిపనులు, హాస్టల్, ఆసుపత్రి, నర్సుల శిక్షణ వచ్చాయి. హైదరాబాద్‌లో కళాశాలలూ వెలిశాయి.

1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు ఆమే. బడి మానేసిన వయోజన మహిళలను తక్కువ కాలంలో పరీక్షలకు సిద్ధం చేసే కోర్సులను ఆ బోర్డు 1958లో దేశమంతటా మొదలుపెట్టింది. మద్రాసు తరగతి గదిలోని ఆలోచన అలా జాతీయ పథకమైంది.

నేడు స్వయం సహాయక సంఘాలు ఊరూరా ఉన్నాయి. అప్పు పుడుతోంది. నైపుణ్యమే వెనకబడుతోంది. ఆదాయం పెంచని అప్పు మరో అప్పుకే దారి తీస్తుంది. అందుకే రుణం ఇచ్చే ప్రతిచోటా చదువు, పనిలో శిక్షణ కూడా ఇవ్వాలి. దాతలు, ప్రభుత్వాలు లెక్కపెట్టాల్సింది పంచిన మిషన్లను కాదు, సొంత సంపాదనతో నిలబడిన మహిళలను.