గుట్టే దీవి

బంగారు బల్లి అంటే కంచి కోవెలలో చెయ్యెత్తి తాకేది అనుకుంటాం. ప్రాణమున్న బంగారు బల్లి కూడా వున్నది, శేషాచలం కొండల్లోనూ తూర్పు కనుమల్లోనూ. 1870లో బెడ్డోమ్ దొర దాన్ని శాస్త్రానికెక్కించాడు. రాతి పగుళ్ళే దాని ఇల్లు. దానికి లోకంలో దాయాది ఒక్కటే, అదీ సింహళంలో! రాయినే నమ్ముకున్న ప్రాణికి రాయి లేని నేలంతా సముద్రమే గదా.

త్రిపురారంలో మా మేనల్లుడు ఇదే సంగతి మరో విధంగా అడిగాడు. బండమీద ఒక రాతి తొండ, పెళ్ళికొడుకులాగా వీపు ఎర్రన, పక్కలు నల్లన చేసుకుని తల ఆడిస్తున్నది. "మామా, ఇది గా గుట్టకు పోదా?" అన్నాడు. చూద్దును గదా, మధ్యనంతా నీటిమడి. 1967లో సాగరు కాలువలకు నీళ్ళు వదిలిన తరువాత ఆ వైపు వరి పెరిగింది. అన్నం మనకు, అడ్డం తొండకు.

దీవిలో చిక్కిన బల్లి ఏమవుతుంది? 1971లో ఏడ్రియాటిక్ సముద్రంలో అయిదు జంటల బల్లుల్ని ఒక దీవినుంచి పక్క దీవికి మార్చారు. ముప్ఫై ఆరేళ్ళకు చూస్తే పురుగులు తినే వంశం ఆకులు మేస్తున్నది! తలలు పెద్దవయ్యాయి, దవడల పట్టు హెచ్చింది, ఆకు అరగడానికి పేగులో అడ్డుతెరలు వచ్చాయి. ఇందులో పుట్టుకతో వచ్చిందెంత, తిండివల్ల వచ్చిందెంత అన్నది వేరే తగవు.

అయితే పది బల్లులతో అక్కడ సాగిందని ప్రతిచోటా సాగదు. గుట్టమీద పాతిక తొండలే మిగిలితే ఇక అన్నీ మేనరికాలే. తరాలు గడిచేకొద్దీ జన్యువుల్లో రకాలు తగ్గుతాయి. కొత్త తెగులో, ఓర్వలేని ఎండో వచ్చిన నాడు తట్టుకునేవి నాలుగైనా వుండాలంటే ఆ రకాలే కావాలి. అప్పుడప్పుడు పక్క గుట్టనుంచి ఒక్క తొండ వచ్చి కాపురం పెట్టినా ఎంతో మేలు.

అది రావాలంటే దోవ కావాలి. గట్లమీది రాళ్ళ కుప్పలూ కంపలూ వుంటే, దాగుతూ, ఎండ కాగుతూ ఎలాగో వస్తుంది. మా బావగారు సరిగ్గా ఆ రాళ్ళనే లారీకెత్తించే ఆలోచనలో వున్నారు. నేను ఇదంతా చెప్పాను.

"తొండలకు పెండ్లి సంబంధాలు చూసేందుకు నా గట్టే దొరికిందా, బామ్మర్దీ?" అన్నారు.

లారీ వాడితో మాట్లాడడం మాత్రం పంట కోతల తరువాతకు వాయిదా వేశారు.